కొలత తప్పిన మేజోళ్ల మీద తిరుగుబాటు

1811 నవంబరు 10, ఆదివారం రాత్రి. ఇంగ్లండులో నాటింగ్‌హాం పట్టణానికి నాలుగు మైళ్ల దూరంలో బుల్‌వెల్ అనే ఊరు. ఎడ్వర్డ్ హాలింగ్స్‌వర్త్ అనే మేజోళ్ల వ్యాపారి తన ఇంటి తలుపులు బిగించుకుని కూర్చున్నాడు. వారం కిందటే ఒక గుంపు వచ్చి మేజోళ్లు అల్లే అతని మగ్గాలు కొన్ని పగలగొట్టి పోయింది. మళ్లీ వస్తారని అతనికి తెలుసు. అందుకే కొన్ని మగ్గాలను ముందే పట్నం పంపించాడు. మిగిలిన వాటికి కాపలాగా తుపాకులిచ్చి మనుషుల్ని పెట్టుకున్నాడు.

వాళ్లు రానే వచ్చారు. మొహాలకు గుడ్డలు చుట్టుకున్నారు. చేతుల్లో సుత్తులు, గొడ్డళ్లు, కొందరి దగ్గర తుపాకులు. బయటి నుంచి కాల్పులు, లోపలి నుంచి కాల్పులు. తలుపు విరగ్గొట్టబోతున్న జాన్ వెస్ట్‌లీ అనే యువకుడు తూటా తగిలి కూలిపోయాడు. పక్కనున్న ఆర్నాల్డ్ ఊరివాడు. చేతి పని మీద బతికే అల్లికపనివాడు. తోటివాళ్లు అతని శవాన్ని ఎత్తుకుపోయి అడవి అంచున పడుకోబెట్టారు. ఆ తరవాత ఇళ్లకు పోలేదు. వెనక్కి తిరిగి వచ్చారు. ఈసారి వాళ్లను ఆపడం కాపలావాళ్ల తరం కాలేదు. లోపలున్న మగ్గాలన్నీ ముక్కలయ్యాయి.

నాలుగు రోజుల తరవాత ఆర్నాల్డ్‌లో వెస్ట్‌లీ అంత్యక్రియలకు సుమారు వెయ్యిమంది వచ్చారు. సమాధి దగ్గర మేజిస్ట్రేట్లు నిలబడి, గుంపులు చెదిరిపోవాలన్న చట్టాన్ని చదివి వినిపించారు.

ఈ మనుషుల్ని లోకం రెండు వందల ఏళ్లుగా లడ్డైట్లు అంటోంది. నెడ్ లడ్ అనే ఊహా నాయకుడి పేరుతో వాళ్లు హెచ్చరికల ఉత్తరాలు పంపేవారు, ఆ పేరే వాళ్లకు మిగిలింది. యంత్రమంటే గిట్టనివాళ్లు, కొత్తదాన్ని చూసి బెదిరిన మూర్ఖులు అని వాళ్ల మీద ముద్ర పడింది. ఆ ముద్ర అబద్ధం. వాళ్ల తాతముత్తాతలు పుట్టింది ఆ మగ్గం పక్కనే, బతికింది దాని మీదే. ఒకే ఇంట్లో పది మగ్గాలుంటే వాటిలో కొన్నిటిని పగలగొట్టి, మిగిలిన వాటి జోలికి పోకుండా వెళ్లిన రాత్రులు ఎన్నో ఉన్నాయి. ఏది పగలగొట్టాలో, ఏది వదిలేయాలో వాళ్లకు తెలుసు. అది తెలియాలంటే ఇంకో రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

* * *

1589. అదే నాటింగ్‌హాం దగ్గర కాల్వర్టన్ అనే పల్లె. అక్కడి చర్చిలో విలియం లీ అనే యువ గురువు. ఆ కాలంలో మగవాళ్లు మోకాళ్ల దాకా బిగుతు లాగులు తొడుక్కునేవారు. కింద కాలంతా మేజోడే. ఊరూరా ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని పుల్లలతో మేజోళ్లు అల్లేవారు. లీ మనసు పడిన అమ్మాయి అతను మాట్లాడుతుంటే కూడా అల్లిక మీంచి చూపు తిప్పేది కాదట. ఆ కోపంతోనే యంత్రం కట్టాడని ఒక కథ. కాదు, పేదరికంలో భార్య అల్లిక పనితో ఇల్లు గడుపుతుంటే ఆమె వేళ్ల శ్రమ చూడలేక కట్టాడని ఇంకో కథ. ఏ కథ చెప్పుకున్నా, అతను కూర్చుని చూసింది మాత్రం వేళ్లనే.

చేతి అల్లికలో ఉచ్చులు పుల్లల మీద వరసగా ఉంటాయి. పనిచేసేది మాత్రం ఒక సమయంలో ఒక్క ఉచ్చు మీదే. లీ చేసింది ఏమిటంటే, ప్రతి ఉచ్చుకూ దాని సొంత సూది ఇచ్చాడు. కొన వంపు తిరిగి, నొక్కితే మూసుకుని, వదిలితే తెరుచుకునే సూది. సూదులన్నీ బల్ల మీద వరసగా బిగించాడు. వాటి మీదుగా దారం పరిచి, పలుచటి ఇనుప రేకులతో కిందికి నొక్కితే వరస మొత్తానికీ ఒకేసారి కొత్త ఉచ్చులు పడతాయి. సూది కొనలు మూసుకున్నప్పుడు పాత ఉచ్చులు వాటి మీంచి జారిపోతాయి. కాళ్లతో తొక్కుడుపలకలు, చేతులతో పిడులు. చెయ్యి తిరిగిన అల్లికమనిషి నిమిషానికి సుమారు 100 ఉచ్చులు వేస్తే, ఈ మగ్గం మొదట్లోనే 500 దాటించిందని లెక్క.

మగ్గం తీసుకుని లీ లండన్ వెళ్లాడు. మొదటి ఎలిజబెత్ రాణి పేటెంటు ఇవ్వలేదు. చేత్తో అల్లుకుని బతికే తన పేదప్రజల నోటి దగ్గర కూడు పోతుందని ఆమె అన్నదని చెబుతారు. లీ వెనక్కి వెళ్లి మళ్లీ కూర్చున్నాడు. మొదటి మగ్గంలో అంగుళానికి 8 సూదులుంటే, పట్టు మేజోళ్ల కోసం 20 సూదులకు తెచ్చాడు. అప్పటికీ ఇవ్వలేదు. ఆమె తరవాత వచ్చిన రాజు జేమ్సూ ఇవ్వలేదు. చివరికి లీ తన మగ్గాలతో, పనివాళ్లతో, తమ్ముడితో ఫ్రాన్సులోని రూయెన్ చేరాడు. అక్కడి రాజు నాలుగో హెన్రీ ఆదరణ మీద ఆశ పెట్టుకుంటే ఆ రాజు 1610లో హత్యకు గురయ్యాడు. 1614 ప్రాంతంలో లీ ప్యారిస్‌లో చనిపోయాడు. చేతికి చిల్లిగవ్వ రాలేదు.

తమ్ముడు జేమ్స్ మగ్గాలను తిరిగి ఇంగ్లండు చేర్చాడు. అక్కడి నుంచి అవి పల్లె పల్లెకూ పాకాయి. 1657లో మగ్గం మీద మేజోళ్లు అల్లేవారికి సంఘం వచ్చింది, దానికి ప్రభుత్వ సన్నదు వచ్చింది. 1812 నాటికి దేశంలో అలాంటి మగ్గాలు దాదాపు 30 వేలు. రాణిగారు భయపడినట్టు పేదలు చావలేదు. పేదలే ఆ మగ్గం ముందు కూర్చున్నారు. ఇంటి మగవాడు మగ్గం తొక్కేవాడు, పిల్లలు దారం కండెలకు చుట్టేవారు, ఆడవాళ్లు అంచులు కలిపి కుట్టేవారు. వెలుతురు కోసం ఆ ఇళ్లకు బారు కిటికీలు ఉండేవి. రాత్రిపూట కొవ్వొత్తి ముందు నీళ్లు నింపిన గాజుబుడ్డి పెట్టి, ఆ వెలుగును సూదుల మీద పడేలా చేసుకునేవారు.

* * *

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అసలు సంగతి కొలత.

మనిషి కాలు అంతటా ఒకే మందం ఉండదు. మోకాలి దగ్గర ఒకటి, పిక్క దగ్గర ఇంకొకటి, చీలమండ దగ్గర సన్నం, మడమ దగ్గర మలుపు. మంచి మేజోడును మగ్గం మీదే కాలి ఆకారంలో అల్లుతారు. పిక్క దాటాక రెండు పక్కలా ఉచ్చులు ఒక్కొక్కటే లోపలి సూదికి మార్చుకుంటూ వరసను సన్నం చేస్తారు. మడమ దగ్గర ఇంకో లెక్క. ఎక్కడ ఎన్ని ఉచ్చులు తగ్గించాలో పనివాడి వేళ్లకు తెలియాలి. అది నేర్చుకోవడానికి ఏడేళ్లు శిష్యరికం చేసేవారు. అలా అల్లిన మేజోడు అంచు ఎక్కడా కోసి ఉండదు. చిరిగేదాకా కాలిని పట్టి ఉంటుంది.

1800 తరవాత కొందరు వ్యాపారులు అడ్డదారి కనిపెట్టారు. వెడల్పాటి మగ్గాల మీద ఆకారం లేని బట్టను బారుగా అల్లించి, కత్తెరతో కాలి ఆకారంలో కోసి, అంచులు కుట్టి మేజోళ్లని అమ్మడం. కోత మేజోళ్లు. అల్లిన బట్టను కోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కోసిన చోట ఉచ్చు విడిపోతుంది, దాని వెనకే ఇంకొకటి. రెండు ఉతుకులకే కుట్టు ఊడుతుంది. కానీ అంగట్లో మడతపెట్టి ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. కోత మేజోడు అల్లడానికి ఏడేళ్ల శిష్యరికం అక్కర్లేదు కాబట్టి పని రాని కుర్రవాళ్లను తక్కువ కూలికి కూర్చోబెట్టారు. పని వచ్చినవాడి కూలి కూడా దాంతో పాటే పడిపోయింది.

మగ్గం పనివాడిది కాదు. వ్యాపారిది. దానికి వారం వారం అద్దె కట్టాలి. పని ఉన్నా లేకపోయినా కట్టాలి. కూలి డబ్బుకు బదులు కొన్నిచోట్ల సరుకులు అంటగట్టేవారు. వ్యాపారుల గోదాములో సరుకు అప్పగించేటప్పుడు కొలత కుదరలేదని, అల్లిక వదులుగా ఉందని కూలిలో కోత. కొలిచేది వాళ్లే, కోసేది వాళ్లే. ఇంతలో నెపోలియన్‌తో యుద్ధం వల్ల విదేశీ వ్యాపారం ముడుచుకుపోయింది. పంటలు పోయి రొట్టె ధర పెరిగింది. మగవాళ్లు పొడుగు ప్యాంట్లలోకి మారడంతో మేజోళ్ల గిరాకీ కూడా తగ్గింది.

1811 మార్చి 11న అల్లికపనివాళ్లు నాటింగ్‌హాం సంతమైదానంలో గుమిగూడి తమ గోడు చెప్పుకోబోయారు. సైనికులు వచ్చి చెదరగొట్టారు. ఆ రాత్రే ఆర్నాల్డ్‌లో 60కి పైగా మగ్గాలు పగిలాయి. ఏవి? ఒప్పుకున్న కూలి ఇవ్వని వాళ్లవి, కోత సరుకు చేయించే వాళ్లవి. ఆ రోజు మొదలైనదే నవంబరుకు బుల్‌వెల్ దాకా వచ్చింది.

సముద్రానికి ఇవతల, ఆ రోజుల్లో మన పొదిలి పట్టణం నెల్లూరు జిల్లాలో, వెంకటగిరి రాజావారి జమీందారీలో ఉండేది. నెల్లూరు జిల్లా ఇంగ్లండు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చి అప్పటికి పదేళ్లే. కోస్తా సాలెవాళ్లకు బయానాలిచ్చి, గుడ్డ కొలత తగ్గిందని, నేత పలచన అయిందని ధర కోసే కంపెనీ గుమాస్తాల గురించి ఇక్కడి ఇళ్లల్లో కూడా ఇవే మాటలు వినపడేవి. ఒకే దేశపు వ్యాపారులు, సముద్రానికి అటూ ఇటూ.

* * *

ప్రభుత్వం నాటింగ్‌హాం మీదికి వేలమంది సైనికుల్ని దించింది. మగ్గం పగలగొడితే ఉరి అని కొత్త చట్టం తెచ్చింది. 1812 ఫిబ్రవరి 27న అది ప్రభువుల సభలో చర్చకు వచ్చినప్పుడు ఒక యువ ప్రభువు లేచాడు. వయసు 24. కాస్త కుంటుతూ నడుస్తాడు. సభలో అదే అతని మొదటి ప్రసంగం. నాటింగ్‌హాంకు దగ్గరలోని న్యూస్టెడ్‌లో అతని వంశపు ఎస్టేటు ఉంది, అంతకుముందే అక్కడికి వెళ్లి కళ్లారా చూసి వచ్చాడు. యుద్ధంలో నలిగిన దేశాలు తిరిగాను, తురుష్కుల పాలనలోని అణగారిన ప్రాంతాలూ చూశాను, నా దేశం నడిబొడ్డున చూసినంత దైన్యం ఎక్కడా చూడలేదని అన్నాడు. ఆ నాసిరకం సరుకును ఆ వ్యాపారంలోనే సాలెగూటి పని అంటారని సభకు చెప్పాడు. అతనే కవి బైరన్. రెండు వారాల్లో అచ్చయిన కావ్యంతో రాత్రికి రాత్రి లోకప్రసిద్ధుడయ్యాడు. కానీ ఆ ప్రసంగం చట్టాన్ని ఆపలేకపోయింది. మార్చిలో ఉరి చట్టం అమల్లోకి వచ్చింది.

ఈ కథలో బైరన్ కన్నా నాకు గొప్పగా కనిపించే మనిషి ఇంకొకరున్నారు. గ్రేవ్‌నర్ హెన్సన్. అల్లికపనివాడు. బడికి పోకుండానే తనంతట తాను చదువుకుని, చట్టాలు కంఠతా పట్టినవాడు. సుత్తితో పని కాదు, చట్టంతోనే జరగాలని అతని పట్టుదల. వేలమంది పనివాళ్ల దగ్గర చందాలు పోగుచేసి, లండన్ వెళ్లి, పార్లమెంటు వరండాల్లో కాళ్లరిగేలా తిరిగాడు. అతను అడిగిన చట్టంలో ఉన్నదేమిటి? యంత్రాన్ని నిషేధించమని కాదు. కోత సరుకును మంచి సరుకు పేరుతో అమ్మకూడదు. ఏ రకం దారంతో, ఏ తరహాగా అల్లిందో మేజోడు మీదే గుర్తు ఉండాలి. కూలి డబ్బు రూపంలోనే ఇవ్వాలి. కొనేవాడు మోసపోకూడదు, చేసేవాడు మోసపోకూడదు. అంతే.

ప్రజాప్రతినిధుల సభలో ఆ బిల్లును చాలా చోట్ల కత్తిరించి, చివరికి జులైలో ఆమోదించారు. ప్రభువుల సభకు వెళ్లింది. వాణిజ్యంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదంటూ అక్కడ కొట్టేశారు. ఏ సభ మార్చిలో మగ్గం పగలగొట్టినవాడికి ఉరి వేయమన్నదో, ఆ సభే జులైలో మేజోడు మీద నిజమైన గుర్తు వేయమంటే కుదరదన్నది. వ్యాపారి ఆస్తిని కాపాడటానికి ప్రభుత్వం ఉరితాడు దాకా వెళ్లవచ్చు, కొలతను కాపాడటానికి మాత్రం దారప్పోగు కదపకూడదు. 1812లో జరిగిన అసలు ఘోరం ఇది.

ఇంకో నాలుగేళ్లు అక్కడక్కడా మగ్గాలు పగిలాయి. 1816 జూన్ 28న లఫ్‌బరోలో జాన్ హీత్‌కోట్ లేసు ఫ్యాక్టరీ మీద పడి 50కి పైగా యంత్రాలు ధ్వంసం చేశారు. అందుకు జేమ్స్ టౌల్ అనే పనివాణ్ని ఆ ఏడాదే ఉరితీశారు. హీత్‌కోట్ ఆ ఊరు వదిలి దూరాన టివర్టన్‌కు తరలిపోయాడు. అతను పోవడంతో పని కూడా పోయింది. పగలగొట్టినవాళ్ల ఈ తప్పును కప్పిపుచ్చనక్కర్లేదు. 1817లో, హింస వద్దని చెబుతూ వచ్చిన హెన్సన్‌నే విచారణ లేకుండా జైల్లో పెట్టారు. బయటికొచ్చాక అతను 1831లో అల్లికపనివాళ్ల చరిత్ర రాశాడు. విలియం లీ గురించి మనం చెప్పుకునే కథలు చాలావరకు ఆ పుస్తకం నిలబెట్టినవే. మగ్గాల అద్దె మాత్రం ఇంకా సాగింది. కూలిలో అద్దె కోయకూడదని చట్టం 1874లో గానీ రాలేదు.

* * *

అప్పటికి యంత్రం మారిపోయింది. 1864లో లఫ్‌బరోకు చెందిన విలియం కాటన్ తెచ్చిన యంత్రం అనేక మేజోళ్లను పక్కపక్కన ఒకేసారి అల్లేది. అంతకన్నా ముఖ్యం, ఉచ్చులు తగ్గించే పనిని అదే చేసుకునేది. ఏడేళ్లు కూర్చుని వేళ్లు నేర్చుకున్న లెక్క ఇనుములోకి ఎక్కింది. ఇంకోపక్క గొట్టంలా గుండ్రంగా అల్లే యంత్రాలు వచ్చాయి. వాటిలో కుట్టు ఉండదు, ఆకారమూ ఉండదు. తడిపిన మేజోడును కాలి ఆకారపు చెక్కకు తొడిగి ఆవిరి పెడితే ఆకారం వచ్చేది. 1940 మే 15న అమెరికా అంతటా నైలాన్ మేజోళ్లు అమ్మకానికి వచ్చాయి. నైలాన్‌కు వేడి మీద ఇచ్చిన ఆకారం ఉతికినా పోదు.

ఇంత జరిగినా చివరి పని ఒకటి చేతులకే మిగిలింది, సైజు చూసి జత కట్టడం. ఒకే యంత్రం, ఒకే దారం, ఒకే రోజు. అయినా దారం బిగువులో చిన్న తేడా, రంగులో మునిగినప్పుడు కుదించుకుపోవడంలో చిన్న తేడా, రెండు మేజోళ్ల పొడవు ఒక్కటి కాదు. ఒక కాలికి మోకాలి మీదికి, ఇంకో కాలికి మోకాలి కిందికి వస్తే ఎవరూ తొడుక్కోరు. అందుకని మిల్లుల్లో ఆడవాళ్లు బల్లల ముందు బారులు తీరి, మేజోడు మీద మేజోడు పరిచి, పొడవు, రంగు, అల్లిక చూసి జతలు వేసేవారు. ముక్క లెక్కన కూలి. చూపుతోనే సైజు చెప్పేవారు. తరవాత ఆ చూపును కూడా యంత్రానికి ఇచ్చారు. బెల్టు మీద సాగిపోతున్న మేజోడును కాంతితో, కెమెరాతో కొలిచి, పొడవును బట్టి గంపల్లోకి వేరుచేసే ఏర్పాట్లు వచ్చాయి. ఇవాళ ప్రపంచపు సాక్సుల్లో పెద్ద వాటా చైనాలోని దాతాంగ్ అనే ఒక్క పట్టణం నుంచే వస్తోంది. సైజు అక్కడ కంప్యూటరులో ఒక అంకె.

మేజోళ్లతో పొదిలికి పనేమిటని అడిగేవాళ్లు ఒక్కసారి పొగాకు సీజనులో ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఏ గ్రేడింగ్ షెడ్డుకైనా వెళ్లండి. బ్యారన్‌లో కాల్చి దింపిన ఆకును ముందేసుకుని ఆడకూలీలు కూర్చుని ఉంటారు. రంగు, మచ్చ, ఆకు సైజు చూపుతోనే తేల్చి బ్రైటు ఒకవైపు, మీడియం ఒకవైపు, లోగ్రేడు ఒకవైపు వేస్తుంటారు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా అదే పని. నాటింగ్‌హాం మిల్లులో జతలు కట్టిన ఆ తల్లుల చూపు ఇక్కడ మన అక్కచెల్లెళ్లది. ఆ బేలు పొదిలి వేలం కేంద్రానికి వెళ్లాక ఏమవుతుందో రైతుకు వేరే చెప్పాలా? బేలు మీద గ్రేడు రాస్తారు, వ్యాపారులు ధర పలుకుతారు, ఒక్కోసారి ఎవరూ పలకక నోబిడ్ అవుతుంది. మోసుకొచ్చిన బేలును మళ్లీ ఇంటికి మోసుకుపోయిన రైతుకు, గోదాములో కొలత కుదరలేదనిపించుకుని సగం కూలితో తిరిగివచ్చిన నాటింగ్‌హాం అల్లికపనివాడి బాధ ఎవరూ వివరించక్కర్లేదు.

ఆకును కెమెరాతో చూసి గ్రేడు చెప్పే యంత్రం ఏదో ఒక రోజు ఈ షెడ్లకూ వస్తుంది. రానివ్వండి. కన్ను అలసిపోతుంది, యంత్రం అలసిపోదు, మొహం చూసి గ్రేడు మార్చదు. కానీ అది వచ్చిన రోజున రైతులు, కూలీలు కలిసి హెన్సన్ అడిగినవే అడగాలి. ఏ కొలతకు ఏ గ్రేడో బయట రాసిపెట్టారా? యంత్రం తప్పు చెబితే తిరిగి చూపించుకునే హక్కు ఉందా? ఇన్నాళ్లూ చూపు అరగదీసుకున్న ఆడకూలీలకు ఆ షెడ్డులో ఏ పని, ఎంత కూలి? వీటికి జవాబు యంత్రం బిగించకముందే, కాగితం మీద రావాలి. బిగించాక అడిగితే ఏమవుతుందో నాటింగ్‌హాం చూసింది.

మన జిల్లా పిల్లలు ఎందరో ఇప్పుడు ఇంగ్లండులో చదువుకుంటున్నారు. నాటింగ్‌హాం వైపు మీవాళ్లెవరైనా ఉంటే, పట్టణానికి దగ్గరలోనే రడింగ్టన్ అనే ఊరు ఉందని చెప్పండి. 1829లో కట్టిన అల్లికపనివాళ్ల ఇళ్లు, బారు కిటికీల మగ్గంశాలలు అక్కడ మ్యూజియంగా నిలిచి ఉన్నాయి. ఆ పాత మగ్గాల మీద ఇప్పటికీ అల్లి చూపిస్తారు. ఒకసారి వెళ్లి చూసి రమ్మనండి.